కుట్లు విప్పాక మొదలయ్యే పని: మొర్రి చికిత్సలో దాతల డబ్బు ఎక్కడికి వెళ్లాలి?

పుట్టే ప్రతి 700 మంది పిల్లల్లో సుమారు ఒకరికి పై పెదవో, అంగిలో, రెండూనో చీలి ఉంటాయి. మన ఊళ్లలో గ్రహణం మొర్రి అనేది దీన్నే. ఈ లెక్కన మన దేశంలో ఏటా 30 వేలకు పైగా పిల్లలు మొర్రితో పుడుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కాన్పులు 12 లక్షలకు అటూ ఇటూ అనుకుంటే, అందులో 1,700 మంది దాకా మన పిల్లలే. దీనికి ఆపరేషన్ కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. చెయ్యి తిరిగిన సర్జన్ పెదవిని గంట, గంటన్నరలో సరిచేస్తాడు. పేద కుటుంబాలకు ఇది ఉచితంగా దొరకడం మొదలై కూడా పాతికేళ్లవుతోంది. అయినా అంగిలి కుట్టించుకోని పదేళ్ల పిల్లలు, చీలిన పెదవితోనే పెళ్లీడుకు వచ్చినవాళ్లు ఇంకా కనబడుతున్నారు. పెదవి చక్కగా కలిసినా, తమ మాట ఎవరికీ అర్థంకాక బడి మానేసినవాళ్లూ ఉన్నారు.

డబ్బు చాలక ఇలా జరుగుతోందని చాలామంది అనుకుంటారు. కొంతవరకు నిజమే. అంతకంటే పెద్ద కారణం, ఉన్న డబ్బు దేనికి ఖర్చవుతోందన్నది. ధార్మిక సంస్థలు మొదటినుంచీ ఆపరేషన్లను లెక్కపెట్టాయి. ప్రభుత్వ బీమా పథకాలదీ అదే లెక్క. మొర్రితో పుట్టిన బిడ్డకు మాత్రం పుట్టిన మూడో రోజు నుంచి పద్దెనిమిదేళ్లు దాటేదాకా ఎవరో ఒకరు తోడుండాలి. ఆపరేషన్లు కొద్దిపాటి గట్టి కేంద్రాల్లోనే జరగాలి, మిగతా సంరక్షణంతా పల్లె దాకా వెళ్లాలి. ఇప్పుడు చాలాచోట్ల దీనికి తలకిందులుగా నడుస్తోంది: ఆపరేషన్ క్యాంపు పేరుతో దగ్గరికి వస్తుంది, ఆ తర్వాత ఏళ్ల తరబడి కావలసిన సాయం కోసం మాత్రం కుటుంబం నగరానికి తిరగాలి.

క్యాంపుల నుంచి కేంద్రాల దాకా

పేద దేశాల్లో మొర్రి పిల్లలకు ఉచిత ఆపరేషన్లు విమానమెక్కి వచ్చిన బృందాలతో మొదలయ్యాయి. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన ప్లాస్టిక్ సర్జన్ డొనాల్డ్ లాబ్ 1969లో ఇంటర్‌ప్లాస్ట్ అనే సంస్థ పెట్టి, సర్జన్లను వెంటబెట్టుకుని ఇతర దేశాలకు వెళ్లడం మొదలుపెట్టారు. 1982లో బిల్ మగీ, కేథ్లీన్ మగీ దంపతులు ఒక వైద్య బృందంతో ఫిలిప్పీన్స్‌లోని నాగా నగరానికి వెళ్లారు. సుమారు 40 మంది పిల్లలకు మాత్రమే ఆపరేషన్ చేయగలిగారు. ఆశగా వచ్చిన వందల మందిని తిప్పి పంపాల్సి వచ్చింది. ఆ అనుభవం నుంచే ఆపరేషన్ స్మైల్ అనే సంస్థ పుట్టింది.

క్యాంపును తక్కువ చేసి చూడటం తప్పు. ఆసుపత్రే లేని చోట, సర్జనే లేని చోట, వారం రోజుల్లో ముప్పై నలభై ముఖాలు మారడం చిన్న విషయం కాదు. ఊళ్లో ఒక బిడ్డ పెదవి కలవడం చూశాకే పక్క ఊరి తల్లిదండ్రులకు ఇది నయమయ్యేదేనన్న నమ్మకం కలుగుతుంది. కానీ క్యాంపుకు ఒక పెద్ద పరిమితి ఉంది. పెదవి ఆపరేషన్ ఎలా వచ్చిందో నాలుగు రోజుల్లో కనబడుతుంది. అంగిలి ఆపరేషన్ అలా కాదు. కుట్టిన చోట రంధ్రం పడటం వారాల తర్వాత తెలుస్తుంది. మాట వచ్చిందో లేదో తెలియడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి బృందం వేరే దేశంలో ఉంటుంది. ఈక్వడార్‌లో క్యాంపుల్లో చేసిన అంగిలి ఆపరేషన్లను అమెరికాలోని ఒక కేంద్రం ఫలితాలతో పోల్చిన అధ్యయనం 2012లో వచ్చింది. క్యాంపు పిల్లల్లో రంధ్రాలు ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. విదేశీ సర్జన్ చేసినా స్థానిక సర్జన్ చేసినా పెద్ద తేడా లేదు. లోపం మనుషుల్లో కంటే ఆ పద్ధతిలోనే ఉందని దీన్నిబట్టి అనుకోవాలి.

1999లో న్యూయార్క్‌లో మొదలైన స్మైల్ ట్రెయిన్ ఇంకో దారి పట్టింది. విదేశీ సర్జన్లను పంపడం మానేసి, ఆయా దేశాల్లో ఉన్న ఆసుపత్రులకే ఆపరేషన్‌కు ఇంత అని డబ్బు ఇవ్వడం, అక్కడి డాక్టర్లకు శిక్షణ ఇప్పించడం దాని పద్ధతి. 2000 నుంచి భారత్‌లో పనిచేస్తున్న ఈ సంస్థ సాయంతో ఇక్కడ లక్షల ఆపరేషన్లు జరిగాయి. దానికి ఇక్కడ తొలి తోడు దొరికింది కేరళలోని త్రిస్సూరులో. ముంబై నుంచి వచ్చిన పార్సీ సర్జన్ డాక్టర్ హిర్జీ అదెన్‌వాలా 1959లో అక్కడి జూబిలీ మిషన్ ఆసుపత్రిలో చేరి, 2020లో కన్నుమూసేదాకా ఆ ఊరినే అంటిపెట్టుకుని ఉన్నారు. తన గురువు చార్లెస్ పింటో పేరుతో ఆయన పెంచిన మొర్రి చికిత్స కేంద్రంలో సర్జన్‌తో పాటు పళ్ల డాక్టరు, స్పీచ్ థెరపిస్టు ఒకే చోట బిడ్డను చూస్తారు. తాను చిన్నప్పుడు కుట్టిన పెదవిని ఆ బిడ్డ పెద్దయ్యాక మళ్లీ చూసే అవకాశం అక్కడి సర్జన్‌కు ఉంటుంది. తన పనిలో లోపం ఎక్కడుందో సర్జన్‌కు తెలిసేది అలాంటి చోటే.

అస్సాం కథ ఈ రెండు పద్ధతుల మధ్య వారధి లాంటిది. ఆపరేషన్ స్మైల్ అక్కడ మొదట పెద్ద క్యాంపులే పెట్టింది. వచ్చినవాళ్ల సంఖ్య చూశాక క్యాంపులతో ఇది తెమిలే పని కాదని అర్థమై, రాష్ట్ర ప్రభుత్వం, టాటా ట్రస్ట్‌లతో కలిసి గువాహతిలోని మహేంద్ర మోహన్ చౌధురి ప్రభుత్వ ఆసుపత్రిలో 2011లో శాశ్వత కేంద్రం తెరిచింది. ఒకే చోట ఏడాది పొడవునా పని జరగడం వల్ల, క్యాంపుల్లో ఊహించలేని ఒక లాభం వచ్చింది. అక్కడి బృందం అంగిలి ఆపరేషన్ అయిన పిల్లల్లో కొందరికి ఇంటికెళ్లాక అయిదు రోజుల పాటు మామూలు యాంటీబయాటిక్ ఇచ్చి, మరికొందరికి ఇవ్వకుండా పోల్చి చూసింది. మందు వాడినవాళ్లలో రంధ్రాలు తగ్గాయని 2015లో ప్రచురించింది. ఖరీదైన పరికరం ఏదీ అక్కర్లేదు, కొన్ని రూపాయల సిరప్ చాలు. పిల్లలు తిరిగి చూపించుకోవడానికి వచ్చే చోటు ఉంది కాబట్టే ఈ సంగతి బయటపడింది.

కనబడని చీలిక

మొర్రి అనగానే అందరికీ పెదవి గుర్తొస్తుంది. దాతల కరపత్రాల మీద ఆపరేషన్‌కు ముందు, తర్వాత అని వేసే ఫొటోలూ పెదవివే. బిడ్డను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మాత్రం లోపలి అంగిలి చీలిక. నోటికీ ముక్కుకూ మధ్య గోడ లేకపోతే బిడ్డ చనుమొన పట్టుకున్నా పాలు లాగలేదు. నోట్లో పడిన కాసిని పాలు ముక్కులోంచి కారతాయి. పొలమారుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతే నెమ్ము చేస్తుంది. తల్లి గంటల తరబడి పాలు పట్టినా బరువు పెరగదు.

ఇక్కడే మొదటి చిక్కు. సర్జన్లు ఎప్పటినుంచో పాటిస్తున్న కొండగుర్తు ఒకటుంది: పెదవి ఆపరేషన్‌కు బిడ్డకు 10 వారాలు నిండాలి, 10 పౌండ్లు, అంటే సుమారు నాలుగున్నర కిలోల బరువు ఉండాలి, హిమోగ్లోబిన్ 10 గ్రాములు ఉండాలి. ఆ బరువు లేని బిడ్డకు మత్తు ఇవ్వడం ప్రమాదం. అంచేత ఆపరేషన్ ఉచితమే అయినా, పాలు సరిగా అందని బిడ్డ ఆ బల్ల దాకా రాదు. ‘బరువు పెరిగాక తీసుకురండి’ అని పంపేస్తారు. ఎలా పెంచాలో చెప్పేవాళ్లు లేకపోతే ఆ కుటుంబం మళ్లీ వస్తుందన్న నమ్మకం లేదు.

దీనికి కావలసిన వస్తువు మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్నదే. తల్లి పాలు పిండి, బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పోయాలి. మధ్యమధ్యలో భుజాన వేసుకుని తేన్పు వచ్చేలా వీపు తట్టాలి. వారం వారం బరువు చూడాలి. పక్కన కూర్చుని ఒకటి రెండు పూటలు చేసి చూపిస్తే ఏ తల్లైనా నేర్చుకుంటుంది. ఆశా కార్యకర్త కాన్పు తర్వాత 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలన్న ఏర్పాటు దేశమంతా ఇప్పటికే ఉంది. ఆ ఆరు సందర్శనల్లో ఈ చిన్న పాఠం చేరిస్తే, బరువు లేక వెనక్కి వెళ్లే పిల్లలు ఎంతో తగ్గుతారు. మొర్రి కోసం పనిచేసే ఏ సంస్థకైనా ఇంత చవకగా ఇంత ఫలితం ఇచ్చే ఖర్చు ఇంకొకటి దొరకడం కష్టం.

రెండో చిక్కు, అసలు కనుక్కోవడం. పెదవి మామూలుగా ఉండి అంగిలి మాత్రమే చీలిన బిడ్డను పురిటి గదిలో ఎవరూ గుర్తించకపోవచ్చు. పాలు ముక్కులోంచి వస్తున్నాయంటే అజీర్తి అనుకుంటారు, తల్లికి పాలు పట్టడం చేతకాదనుకుంటారు. పైన పొర కలిసి ఉండి లోపలి కండ మాత్రమే విడిపోయిన చీలికైతే బడికి వెళ్లే వయసు దాకా బయటపడదు. పుట్టిన రోజే టార్చ్ వేసి, నాలుకను నొక్కి, అంగిలిని చివరిదాకా చూడటం ఒక నిమిషం పని. ప్రతి కాన్పు గదిలో తప్పనిసరి కావలసిన పని ఇది.

తర్వాత మాట. ప, బ, ట, డ, క, గ లాంటి అక్షరాలు పలకాలంటే నోట్లో గాలిని క్షణం ఆపి వదలాలి. అంగిలి వెనక భాగం పైకి లేచి ముక్కు దారిని మూస్తేనే ఆ గాలి నిలుస్తుంది. మూయలేకపోతే ముక్కులోంచి జారిపోతుంది. ‘బాబు’ అనబోతే ‘మాము’ అన్నట్టు వినబడుతుంది. మ, న మాత్రం బాగానే పలుకుతాయి, అవి ఎలాగూ ముక్కుతో పలికేవే. అందుకే ‘అమ్మ’ అని స్పష్టంగా పిలిచే బిడ్డను చూసి ఇంట్లోవాళ్లు మాటకు ఇబ్బంది లేదనుకుని నిశ్చింతగా ఉంటారు. ఈలోగా ఆ బిడ్డ నోట్లో నిలవని గాలికి బదులుగా గొంతులోనే శబ్దాన్ని తుంచడం అలవాటు చేసుకుంటుంది. ఆ అలవాటు పడ్డాక అంగిలి కుట్టినా దానంతట అది పోదు. పక్కన కూర్చోబెట్టుకుని, నెలల తరబడి ఒక్కో అక్షరం మళ్లీ నేర్పాలి.

అంగిలిని ఎప్పుడు కుట్టాలన్న దానిపై డాక్టర్లు దశాబ్దాల పాటు వాదించుకున్నారు. యూరప్, బ్రెజిల్ కేంద్రాల్లో 558 మంది పసిపిల్లలతో జరిగిన పరిశోధన ఫలితాలు 2023లో వచ్చాయి. ఆరో నెలలో ఆపరేషన్ అయినవాళ్లలో అయిదేళ్ల వయసుకు ముక్కులోంచి గాలి పోయే సమస్య 8.9 శాతం మందికి మిగిలితే, పన్నెండో నెలలో అయినవాళ్లలో 15 శాతం మందికి మిగిలింది. వీళ్లంతా మంచి వసతులున్న ఆసుపత్రుల్లో, అనుభవమున్న చేతుల్లో ఆపరేషన్ అయిన పిల్లలు. ఆరు నెలల బిడ్డకు మత్తు ఇవ్వగలిగే డాక్టరు, ఆక్సిజన్ తగ్గగానే హెచ్చరించే పరికరం, రాత్రంతా కనిపెట్టుకుని ఉండే నర్సు లేని చోట ఈ తొందర పనికిరాదు. అయినా ఏడాదిన్నర లోపు అంగిలి కుట్టాలన్నది మన దగ్గర సాధ్యం కాని లక్ష్యమేమీ కాదు. బిడ్డ పుట్టిన వారంలోనే పేరు ఎక్కడో నమోదై, ఎవరో ఒకరు గుర్తుచేస్తూ ఉండాలి, అంతే.

అంగిలి చీలిన పిల్లల్లో దాదాపు అందరికీ చెవి లోపల నీరు చేరుతుంది, పట్టించుకోకపోతే చీము కారి వినికిడి తగ్గుతుంది. మాట నేర్చుకునే వయసులో సరిగా వినబడకపోవడం మీద మాట సమస్య కూడా తోడైతే ఆ పిల్లల్ని బడిలో మొద్దులని ముద్ర వేస్తారు. పళ్ల చిగుళ్ల ఎముకలో ఖాళీ ఉన్న పిల్లలకు ఎనిమిది నుంచి పదకొండేళ్ల మధ్య, కోరపన్ను దిగేలోపు, తుంటి నుంచి కొంచెం ఎముక తీసి అక్కడ నింపాలి. తర్వాత పళ్లకు క్లిప్పులు. కొందరికి దవడ ఎదుగుదల ఆగాక దవడ ఆపరేషన్.

అన్ని చోట్లా ఆపరేషన్ ఎందుకు వద్దు

సేవను విస్తరించాలనగానే ప్రతి జిల్లాలో ఆపరేషన్ మొదలుపెట్టాలన్న మాట వస్తుంది. వినడానికి బాగుంటుంది. బ్రిటన్ అనుభవం దీనికి ఎదురు చెబుతోంది. 1990ల్లో అక్కడ మొర్రి పిల్లలకు 57 ఆసుపత్రుల్లో ఆపరేషన్లు జరిగేవి. దేశమంతటా అయిదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలను పరీక్షించి చూస్తే దవడ ఎదుగుదల, మాట, ముఖం తీరు అనుకున్నదానికంటే నాసిరకంగా ఉన్నాయని తేలింది. ఒక్కో సర్జన్ ఏడాదికి కొద్ది కేసులే చేయడం ముఖ్యమైన లోపంగా కనబడింది. ఆపరేషన్లను 8 నుంచి 15 కేంద్రాలకు కుదించాలని 1998లో నిపుణుల సంఘం సిఫార్సు చేసింది. అప్పటినుంచి కొద్ది కేంద్రాల్లో పూర్తి బృందాలు పనిచేయడం, వాటికి అనుబంధంగా నర్సులు ఇళ్లకు వెళ్లి తల్లులకు పాలు పట్టడం నేర్పడం అక్కడ పద్ధతి అయింది.

ఎక్కువ మంది పిల్లలు ఒకే చోటికి రావడం వల్ల వచ్చే జ్ఞానం మనకు తెలియంది కాదు. హైదరాబాద్‌లో డాక్టర్ గోస్లా శ్రీనివాస్ రెడ్డి బృందం మొర్రి, ముఖ వైకల్యాల చికిత్సకే ప్రత్యేకించిన ఆసుపత్రి నుంచి 2008లో ఒక అధ్యయనం ప్రచురించింది. పెదవిని కోసే పద్ధతుల్లో ఏది ఏ చీలికకు బాగా నప్పుతుందో 796 మంది రోగుల ఫలితాలు పోల్చి చెప్పింది. ఏడాదికి పది కేసులు చేసే జిల్లా ఆసుపత్రి ఎన్నేళ్లు పనిచేసినా ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. తెలుగు రాష్ట్రాల్లో పుట్టే 1,700 మందికి పూర్తి బృందాలున్న కేంద్రాలు నాలుగైదు చాలు. ప్రతి ఊరి నుంచి ఆ నాలుగైదింటి దాకా దారి, తిరిగి వచ్చాక ఊళ్లో ఆసరా, ఈ రెండూ లేకపోవడమే కొరత.

దారి అంటే రోడ్డు ఒక్కటే అనుకోకూడదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండ మీది గూడెంలో పుట్టిన బిడ్డను తీసుకుని తల్లి విశాఖపట్నం రావాలంటే తండ్రి కూలి పోతుంది, ఇంటి దగ్గర మిగతా పిల్లల్ని చూసే మనిషి కావాలి, నగరంలో వారం రోజుల తిండి, పడక కావాలి. గర్భిణులను ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే గూడేలున్న ప్రాంతమది. ఆపరేషన్ ఉచితమైనంత మాత్రాన ఇవన్నీ ఉచితం కావు. పెదవి ఆపరేషన్‌కు ఎలాగో అప్పు చేసి వచ్చిన కుటుంబం అంగిలి ఆపరేషన్‌కు మళ్లీ రాకపోతే అది వాళ్ల అజ్ఞానమని తేల్చేయడం అన్యాయం. బస్సు ఛార్జీ, తోడు మనిషి భోజనం, పోయిన కూలికి పరిహారం అన్నవి ఆపరేషన్ ఖర్చులో భాగంగా రాయాలి. అవి కూడా ఇస్తేనే ఆ ఆపరేషన్ నిజంగా ఉచితం.

ఇక ఊళ్లో ఆసరా. దీనికి తమిళనాడులో ఒక మంచి నమూనా ఉంది. చెన్నైలోని శ్రీ రామచంద్ర వైద్య సంస్థ, కెనడాకు చెందిన ట్రాన్స్‌ఫార్మింగ్ ఫేసెస్ అనే సంస్థ సాయంతో తిరువణ్ణామలై జిల్లాలో మొర్రి పిల్లల కోసం ఊళ్ల స్థాయిలో ఒక కార్యక్రమం నడిపింది. స్థానికుల్నే కార్యకర్తలుగా తీసుకుని, ఇళ్లు తిరిగి పిల్లల్ని గుర్తించడం, ఆపరేషన్‌కు పంపడం, తిరిగొచ్చాక స్పీచ్ థెరపిస్టు పర్యవేక్షణలో ఇంటి దగ్గరే మాట అభ్యాసాలు చేయించడం నేర్పింది. స్పీచ్ థెరపిస్టులు నగరాలు దాటి రారన్నది ఇప్పట్లో మారని నిజం. మాట నేర్పడానికి వారానికోసారి నగరానికి రమ్మంటే ఏ కూలి కుటుంబమూ రాలేదు. అందుకని నిపుణుడు ప్రణాళిక వేసి ఫోన్‌లో వీడియో చూస్తూ సరిదిద్దడం, రోజువారీ అభ్యాసం ఊళ్లో మనిషి చేయించడం తప్ప వేరే దారి కనబడదు. మాట నేర్పేది బిడ్డ ఇంటి భాషలో కావాలన్నది ఇంకో సంగతి. ఆదిలాబాద్ గోండు పిల్లలకు, భద్రాద్రి కొత్తగూడెం కోయ పిల్లలకు తెలుగు పదాల పట్టిక ఇచ్చి పలకమంటే రెండు కష్టాలు ఒకేసారి మీద వేసినట్టే. ఆ భాష మాట్లాడే కార్యకర్త ఉండాలి, ఆమెకు నెలనెలా జీతం ఉండాలి.

డబ్బు ఎక్కడ ఆగుతోంది

ప్రభుత్వం వైపు ఏమీ లేదనడం సరికాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో మొర్రి ఆపరేషన్లు ఉన్నాయి. 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్‌లోనూ ఉన్నాయి. 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు, ఒకసారి బడులకు వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. చూడాల్సిన 30 సమస్యల్లో మొర్రి ఒకటి. జిల్లాకో సత్వర చికిత్స కేంద్రం, అందులో పిల్లల డాక్టరు, పళ్ల డాక్టరు, వినికిడి, మాట నిపుణులు ఉండాలన్నది ఆ పథకం రూపం. కాగితం మీద ఇది చాలా మంచి ఏర్పాటు. కానీ బీమా డబ్బు బిడ్డ ఆసుపత్రిలో చేరినప్పుడే కదులుతుంది, మాట నేర్పే పనికి మంచం అక్కర్లేదు కాబట్టి దానికి డబ్బు రావడం కష్టం. జిల్లా కేంద్రంలో మాట నిపుణుడి పోస్టు ఖాళీగా ఉంటే ఆ జిల్లా పిల్లలకు ఆ సేవ లేనట్టే.

దాతలు పూరించాల్సిన ఖాళీ ఇదే. ప్రభుత్వం డబ్బిచ్చే ఆపరేషన్‌కే మళ్లీ దాతల డబ్బూ పోటీపడటంలో అర్థం లేదు. ఆపరేషన్‌కు ఇంత అని ఇచ్చే పద్ధతి ఒకప్పుడు గొప్ప మేలు చేసింది. చిన్న ఆసుపత్రులు కూడా ఈ పనిలోకి వచ్చింది దానివల్లే. కానీ ఆ పద్ధతిలో బిడ్డను వెతికి తెచ్చే ఉత్సాహం ఆపరేషన్ రోజుతో ఆగిపోతుంది. స్మైల్ ట్రెయిన్, ఆపరేషన్ స్మైల్ లాంటి పెద్ద సంస్థలే ఇప్పుడు పోషణకు, మాటకు, పళ్ల చికిత్సకు డబ్బిస్తున్నాయంటే ఈ సంగతి వాళ్లకూ అర్థమైందనే. దాతలకు చూపించే లెక్క మాత్రం ఇంకా ఆపరేషన్ల సంఖ్యే. అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఈ ఏడాది నమోదైన పిల్లల్లో నెల తిరక్కుండా దొరికినవాళ్లు ఎంతమంది? ఏడాదిన్నర లోపు అంగిలి ఆపరేషన్ అయింది ఎందరికి? ఎందరి అంగిలికి రంధ్రం పడింది? అయిదేళ్లు నిండిన బిడ్డ మాట ఇంట్లోవాళ్లకు కాక బయటివాళ్లకు అర్థమవుతోందా? ఈ నాలుగు జవాబులు చెప్పగలిగిన ఆసుపత్రికి డబ్బు పెంచాలి. చెప్పలేని చోట ఎన్ని వేల ఆపరేషన్లు జరిగినా వాటి వల్ల పిల్లలకు ఏం ఒరిగిందో ఎవరికీ తెలియదు.

ఖర్చు రాయని మరో పని, తల్లి మీద పడే నింద తీసేయడం. కడుపుతో ఉండగా గ్రహణం చూసిందని, గ్రహణం వేళ కత్తిపీట ముట్టుకుందని కోడల్ని అంటారు. మెక్సికోలోనూ ఇలాంటి నమ్మకమే ఉంది. గర్భంలో బిడ్డ పెదవి ఏడో వారానికల్లా, అంగిలి పన్నెండో వారానికల్లా కలిసిపోతాయి. అయిదో నెలలోనో ఏడో నెలలోనో వచ్చిన గ్రహణం అప్పటికే కలిసిన పెదవిని చీల్చలేదు. పెదవి రూపుదిద్దుకునే రోజులకు చాలామంది ఆడవాళ్లకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. వంశంలోని జన్యువులు, దగ్గరి పెళ్లి సంబంధాలు, పొగాకు పొగ, మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్, టోపిరామేట్ లాంటి కొన్ని మందులు ఈ ముప్పును పెంచుతాయి. చాలా కుటుంబాల్లో ఇదీ కారణమని ఒకటి వేలెత్తి చూపడం కుదరదు. మొదటి బిడ్డకు మొర్రి ఉంటే తర్వాతి బిడ్డకు వచ్చే అవకాశం 100లో 3 నుంచి 5 దాకా మాత్రమే. ఈ నాలుగు మాటలూ అత్తగారు, భర్త ఎదురుగా ఏఎన్ఎమ్మో డాక్టరో చెప్పాలి. తల్లికి ఒక్కదానికే చెబితే లాభం లేదు. నింద మోస్తున్న తల్లి బిడ్డను నలుగురిలోకి తీసుకురాదు, అంగన్‌వాడీకి తేదు, అప్పుడు ఏ సంచార బృందానికీ ఆ బిడ్డ కనబడదు.

చివరి చిక్కు వయసుది. బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్ల దాకానే. దవడ ఆపరేషన్, దాని తర్వాత ముక్కు సరిచేసే ఆపరేషన్ చేయాల్సింది ఎదుగుదల ఆగాక, అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్లు దాటాక. మగపిల్లలకు ఇంకొంచెం ఆలస్యం కూడా కావచ్చు. పై దవడ లోపలికి, కింది దవడ ముందుకు ఉండి, నమలడం, పలకడం కష్టమైన యువకుడు సరిగ్గా ఉద్యోగానికో పెళ్లికో తయారయ్యే వేళకు పథకం గడువు దాటిపోతుంది. చాలా ధార్మిక సంస్థల పోస్టర్లలో అతని వయసువాళ్లు ఉండరు, దాతల గుండె కరిగేది పసిపిల్లల ఫొటోకే. మొర్రితో నమోదైన ప్రతి బిడ్డకు 21 ఏళ్ల దాకా చికిత్స హక్కుగా కొనసాగాలని పథకాల నియమాల్లో రాయాలి. ఆ నియమం వచ్చేలోపు ఆ మూడేళ్ల ఖర్చు తాము భరిస్తామని దాతలు బిడ్డను నమోదు చేసుకున్న రోజే ఒప్పందంలో చేర్చాలి.